యోబు అన్నయ్య పాత జ్వరాలు

మా పక్కింటి యోబు అన్నయ్య వయసులో ఉండగా ఏజెన్సీలో వెదురు కొట్టేవాడు. అక్కడ ఏటా మలేరియాతో పడి లేచాడు. తరవాత కొల్లేటి చేపల చెరువు మీద కాపలాకి కుదిరి, చలిజ్వరం మాటే మరిచాడు. "నా రక్తానికి అది పాత చుట్టం చెల్లెమ్మా, ఇక నన్నేం చెయ్యదు" అనేవాడు.

మొన్న ఏజెన్సీలో చుట్టాలింటికి వెళ్లొచ్చి, మూడు దుప్పట్ల కింద గడగడా వణికాడు. అయినా రక్తపరీక్షకి వేలు ఇవ్వనన్నాడు. సలోమి వదిన ఒకటే ఏడుపు. నేనే వెళ్లి మలేరియా వర్కరుని పిలుచుకొచ్చాను. వచ్చినవాణ్ణి ఊరికే వదులుతానా?

"ఏం బాబూ, ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్లీ రాదు కదా. మరి దీనికేం పోయేకాలం?"

"ఈ క్రిమి చొక్కాలు మారుస్తుందండీ. మాటిమాటికీ వస్తుంటే ఒళ్లు కాస్త గుర్తుపట్టి తట్టుకుంటుంది. ఏళ్ల తరబడి రాకపోతే మరిచిపోతుందండీ."

"మరి టీకా?"

"ఆఫ్రికాలో పిల్లలకి వేస్తున్నారు గానీ, మన దగ్గరికి ఇంకా రాలేదండీ. ఇన్ని వేషాలేసేదానికి టీకా కనిపెట్టడం తేలికా?"

"అయితే నా ఒళ్లు మరిచిపోయిందంటావా?" దుప్పట్లోంచి అన్నయ్య అడిగాడు.

"మంచం ఊగుతుంటే తెలియట్లేదా అన్నయ్యా!" అన్నాను.

చివరికి కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపాడు. సూది గుచ్చగానే కేక పెట్టాడు.

"ఆ టీకా వస్తే మొదటి పేరు నాదే రాయి బాబూ."

"అదీ సూదేనండీ."

"అయితే రెండో పేరు రాయి."