పర్మిట్ వచ్చేదాకా ముడిమ్యాలలో

సింగపూర్‌లో మా వర్క్ పర్మిట్ ఒక పలుపుతాడు. రెండో కొస కంపెనీ చేతిలో ఉండేది. కంపెనీ మారాలంటే కొత్తవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, అక్కడి ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఆ కాగితం చేతికొచ్చేదాకా పాత కంపెనీలో నోరు విప్పకూడదని మనవాళ్లందరికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ వాళ్లను కంపెనీలు ఎగరేసుకుపోతున్న రోజులవి. నేనూ కొత్త కంపెనీకి సరేనని, పాతదాంట్లో సెలవు పెట్టి, ముడిమ్యాలలో అన్న ఇంటికి వచ్చి కూర్చున్నాను.

కూర్చున్నానని మాటవరసకు అంటున్నాను గానీ, కూర్చున్నదెక్కడ? రోజూ చేవెళ్ల పోయి నెట్ సెంటర్‌లో మెయిల్ చూసుకోవడం, ఏమీ లేదని తిరిగి రావడం. చీపురు పట్టి సగం ఇల్లు ఊడ్చి వదిలేసేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

"కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్. జర కూసో" అని వదిన నవ్వేది.

అన్న పార్టీ మనిషి. అప్పటికే రెండు పార్టీలు మారాడు. పొద్దున టమాట తోట, ఎండెక్కేసరికి తెల్లచొక్కా, మొయినాబాద్‌లో ఏదో ఒక మీటింగు. నా సంగతంతా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. సొంత అన్న దగ్గర దాపరికమెందుకు?

ఒకరోజు నేను తోటలో ఉండగా, ఇంట్లో చార్జింగ్‌కు పెట్టిన నా ఫోన్ మోగిందట. చేసింది పాత కంపెనీలో మా మేనేజరు, గుంటూరు వైపు ఆయన. అన్న ఎత్తాడు. నేను వచ్చేసరికి అరుగు మీద కూర్చుని తీరిగ్గా చాయ్ తాగుతున్నాడు.

"మీ సార్ చేసిండు. మా చెల్లె కంపెనీ మారుతున్నది, మనసుల ఏం పెట్టుకోకుండ్రి అని మంచిగ చెప్పిన" అన్నాడు.

"ఎందుకు చెప్పినవన్నా?"

"మారేటప్పుడు పాతోల్లతోని చెడగొట్టుకోవద్దు. నేను పార్టీ మారినప్పుడు గూడ ఇంటికి పోయి, చాయ్ తాగి, చెప్పొచ్చిన."

మర్నాడే మెయిల్ వచ్చింది. పర్మిట్ రద్దు చేయిస్తున్నామని, ఇక తిరిగి రానక్కర్లేదని. కొత్త పర్మిట్ రాకపోతే నేను రెంటికీ చెడ్డ రేవడినే.

అన్న మీద విరుచుకుపడ్డాను. ఆయన మాత్రం బస్సులెందుకని రోజూ తన బండి మీదే చేవెళ్ల తీసుకుపోయేవాడు. "ఫికర్ చెయ్యకు. రాకుంటే ఏమాయె, ఊర్ల నీకేం తక్కువున్నది?" అనేవాడు. ఆ ఓదార్పు వింటుంటే ఒళ్లు మండేది. అయినా తెలియక చేశాడు పాపం అనుకుని, కొన్నాళ్లకు మళ్లీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఒకసారి దారిలో ఎవరో పెద్దాయన బండి ఆపి, "చెల్లె ఇగ ఈడనే ఉంటదట గద" అని అడిగాడు. అన్న నవ్వేసి బండి పోనిచ్చాడు. నా ధ్యాసంతా మెయిల్ మీదే, ఆ మాట పట్టించుకోలేదు.

చివరికి ఓ మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. పర్మిట్ మంజూరైంది, వెంటనే బయలుదేరమని. నెట్ సెంటర్లో అందరూ తిరిగి చూసేలా కేక పెట్టి, బయట బండి దగ్గరున్న అన్న దగ్గరికి పరుగెత్తాను. ఎంత సంతోషపడతాడో అనుకున్నాను. ఆయన మొహం వాడిపోయింది.

"అయితే పోతవా?"

"పోకుంటే మరి?"

అన్న అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "సర్పంచి సీటు ఈసారి ఆడోల్లకు వచ్చింది. మాకు ముగ్గురు పిల్లలాయె, ఇద్దరు దాటితే నిలబడనియ్యరు. మీ వదినకు రాదు. నీ పేరు అనుకున్నం. ఊర్ల మాటిచ్చిన."

"ఎప్పుడిచ్చినవ్?"

"మీ సార్ ఫోన్ చెయ్యకముందే."

పాతవాళ్లతో చెడగొట్టుకోకపోవడం, ఇంటికి పోయి చాయ్ తాగి రావడం, అంతా వట్టి మాటే. ఎంత కోపమొచ్చిందంటే, నడిరోడ్డు మీద ఏడ్చేశాను.

"ఒక్క మాట అడిగితే నిలబడేదాన్ని గదన్నా!" అన్నాను.

అది అబద్ధం. అడిగినా నేను నిలబడేదాన్ని కాదు. ఆ సంగతి అన్నకు తెలుసు. అందుకే అడగలేదు.