మాణిక్యాంబ అడిగిన టార్క్

మాణిక్యాంబ అమ్మమ్మకి కోపమొస్తే ముందు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుస్తుంది. అది చూడగానే కనకయ్య తాతయ్య నోరు మూసుకుంటాడు. ఘాజియాబాద్ కార్ల షోరూము కుర్రాడికి ఆ జ్ఞానం లేదు. ఢిల్లీ తెలుగువాళ్ళ ఫంక్షన్లకి వండి, సాంబారు గుండిగలు తనే నడుపుకుంటూ తీసుకెళ్ళే మనిషి ఆవిడ. మొన్న ధౌలా కువాన్ ఫ్లైఓవర్ మీద జామ్‌లో ఆగి బయల్దేరబోతే, పాత వ్యాను బరువు లాగలేక వెనక్కి జారి, సాంబారు సగం ఒలికింది. అందుకే పెద్ద ఎస్‌యూవీ కొనడానికొచ్చి, "ఈ రెండు డీజిల్ ఇంజిన్లలో తక్కువ స్పీడులో టార్క్ దేనికెక్కువ?" అని బండి లాగే బలం సంగతి అడిగింది.

కుర్రాడు తాతయ్య వైపు తిరిగి, "సర్, మ్యూజిక్ సిస్టమ్ ఫ్రీ" అన్నాడు. ఏనాడూ స్టీరింగు ముట్టని తాతయ్య బుద్ధిగా తలూపాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. "ఆంటీజీకి ఎర్ర రంగు బావుంటుంది సర్" అన్నాడు వాడు. కళ్ళజోడు ఊడింది.

"మీరెళ్ళి బయట నిలబడండి" అంది తాతయ్యతో. ఆయన వెళ్ళాడు.

"ఇప్పుడు నాకు చెప్పు, భయ్యా."

"సర్‌ని రానివ్వండి ఆంటీజీ, వివరంగా చెప్తాను."

వాడి చేతిలో బ్రోచర్ లాక్కుని, టార్క్ అంకెలు చదువుకుని, బయటికొచ్చేసింది.

"ఏది తీసుకుందాం?" అన్నాడు తాతయ్య.

"పెద్ద ఇంజినుదే. వీడి దగ్గర మాత్రం కాదు. గుర్‌గావ్ షోరూముకి పోదాం. అక్కడ మీరు వ్యాను దిగకండి."