సూది మాన్పించిన పెద్దమనిషి

నా బిడ్డకు ఏడో తరగతిలో షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయిందనీ, బతికినంత కాలం సూది తప్పదనీ జనగామ డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ నాకంటే త్వరగా అలవాటుపడింది. అన్నానికి ముందు తనే పొట్ట మీద పొడుచుకునేది.

మా ఆయన అన్న, మా బావగారికి అది నచ్చలేదు. పాలకుర్తి దగ్గర మా అత్తగారి ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. "ఆడపిల్లకు గీ సూదులేంది? రేపు పెండ్లెట్లయితది?" అనేవాడు.

బతుకమ్మ సెలవులకు పిల్లను ఊరికి పంపాను. నాకు మహబూబాబాద్‌లో ఉద్యోగం, సెలవు దొరకలేదు. మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో బావగారి భార్యకు, మా తోటికోడలికి విడమరిచి చెప్పాను.

ఒక పొద్దున ఆమె ఫోన్ చేసింది. "పిల్ల ఊకె కక్కుతున్నది. జర పైత్యం చేసినట్టుంది."

వెంటనే బస్సెక్కాను. వెళ్లేసరికి పిల్ల మంచంలో వాడిపోయి ఉంది. ఊపిరి ఎగదన్నుతోంది. నోట్లోంచి మురిగిన పండు వాసన. పక్కనే గ్లాసులో పచ్చటి పసరు, అంచు మీద ఈగలు.

"సూదేసుకున్నవా బిడ్డా?"

"పెద్దబాపు వద్దన్నడమ్మా. దాచిపెట్టిండు."

భూపాలపల్లి వైపు నుంచి ఎవడో నాటువైద్యుణ్ణి బావగారే పిలిపించి, పసరులో ఆకుల పొడి కలిపి ఇప్పించాడట. సూది మానితేనే పొడి పనిచేస్తుందని వాడన్నాడట.

ఆటోలో జనగామ దవాఖానకు పరుగెత్తాం. ఇన్సులిన్ లేక ఒళ్లు చక్కెరను వాడుకోలేకపోయిందనీ, కొవ్వును కరిగించుకుంటూ రక్తాన్ని విషం చేసుకుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంకాస్త ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదంది.

బిడ్డ తేరుకుని మాట్లాడుతోందని తెలిశాక బావగారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బత్తాయిల సంచి.

"పొడి మంచిదే. పిల్లనే పత్యం చెయ్యలే," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గీ ముచ్చట ఊళ్లె ఎవ్వరికి చెప్పకు," అన్నాడు.

అంటూనే జేబులోంచి బీపీ గోళీ తీసి నోట్లో వేసుకున్నాడు.

"మీ గోళీ ఎందుకు మానలేదు బావా?" అన్నాను.

ఆ బత్తాయిలు ఆయన చేతికే ఇచ్చి పంపించాను. బిడ్డ కోలుకుంది. పండగలకు తప్పనిసరై ఆ ఇంటికి వెళ్తుంటాను. వాళ్లు పెట్టిన ముద్ద మాత్రం ఇప్పటికీ నా గొంతు దిగదు.