టాంకరు తాళం

రాజలింగం పొద్దున లేవగానే చేసే మొదటి పని, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి నీళ్ల టాంకరు నల్లా తాళం తీయడం. అప్పటికే పద్దెనిమిది మంది కూలీలు డబ్బాలు పట్టుకుని వరుస కట్టి ఉండేవారు. మనిషికి రెండు డబ్బాలు. తాగినా అవే, ఒళ్లు కడుక్కున్నా అవే.

అది డెబ్బై ఎనిమిది జూన్ నెల. అబూదాబీ ఎడారిలో లివాకు దక్షిణాన, ఇసుక దిబ్బలు తప్ప ఇంకేమీ లేని చోట చమురు వెతికే కంపెనీ క్యాంపు వేసింది. నేలలో మందు పేల్చి, ఆ అదురును తీగలతో పట్టి, కింద చమురుందో లేదో దొరలు చూసేవారు. తీగల చుట్టలు భుజాన వేసుకుని దిబ్బలెక్కి దిగడం కూలీల పని. వారానికోసారి లారీ వచ్చి టాంకరు నింపి పోయేది. ఆ లారీ ఒకసారి ఇసుకలో దిగబడి రెండు రోజులు ఆలస్యం కావడంతో క్యాంపులో నీళ్ల కోసం కొట్లాటయింది. అప్పటినుంచి క్యాంపు నడిపే ముదీర్ నల్లాకు తాళం వేయించి, చెవి రాజలింగానికిచ్చాడు.

రాజలింగానిది కోరుట్ల పక్క పల్లె. దుబాయ్ రాకముందు మోట తోలేవాడు. బావి అడుగంటాక వచ్చాడు. ఎవరితోనూ పేచీ పెట్టుకోడు, ఎవరికీ చుక్క ఎక్కువ పోయడు. అందుకే ముదీర్ అతన్ని నమ్మాడు. ఒక్క బామ్మర్ది విషయంలోనే చెయ్యి కొంచెం జారేది. భార్య సాయవ్వ తమ్ముడు ఆశన్నను వీసా పెట్టించి తనే తెచ్చుకున్నాడు. బయల్దేరిన నాడు సాయవ్వ తమ్ముడి చెయ్యి తీసి మొగుడి చేతిలో పెట్టింది. మళ్లీ ఇట్లాగే నా చేతిలో పెట్టాలె అంది. ఆశన్నకు ఇరవై రెండేళ్లు, ఒళ్లంతా చెమటకాయలు. అందరూ పోయాక రాజలింగం అతని డబ్బాలో ఇంకో చెంబెడు పోసేవాడు. వరుసలో ముందుండే భోజన్న అది చూడకపోలేదు.

"నల్లా బావ చేతిల ఉన్నంక నీకేం కరువురా ఆశన్నా. మాకు గూడ ఒక అక్క ఉంటే బాగుండు" అనేవాడు.

ఆ నెలలో ఒక పొద్దున సర్వే చేసే దొర దిబ్బ మీంచి జీపుతో సహా దొర్లి తొడ విరగ్గొట్టుకున్నాడు. క్యాంపులో వైద్యం తెలిసినవాడు శాంతరాజు ఒక్కడే. తాడేపల్లిగూడెం వైపు మనిషి, మిషను ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి వచ్చాడు. దొరను అబూదాబీ చేర్చమని ముదీర్ అతన్నే పంపాడు. ఉన్న సెలైన్ సీసాలన్నీ ఆ బండిలోనే ఎక్కాయి.

బండి కదిలే ముందే ఆశన్నకు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగుసార్లు దిబ్బ చాటుకు పోయి వచ్చి, డేరాలో మూలుగుతూ పడుకున్నాడు. శాంతరాజు పరుగున వచ్చి నాడి చూశాడు, పొట్ట నొక్కాడు. కుండెడు నీళ్లలో చక్కెర, ఉప్పు కలిపి రాజలింగం ముందు పెట్టాడు.

"ఇదిగో చూడవయ్యా, వెళ్లొచ్చినప్పుడల్లా గ్లాసుడు పట్టు. వాంతి చేసుకున్నా సరే, మళ్లీ పట్టు. అయిపోతే ఇంకో కుండ కలుపు. నేను రేపు సాయంత్రానికి వచ్చేస్తాను."

రాజలింగం సరే సారూ అన్నాడు. బండి దిబ్బ దాటాక కుండ తీసుకుపోయి ఇసుకలో పారబోశాడు.

కసితో చేసింది కాదు. రాజలింగానికి ఏడెనిమిదేళ్లప్పుడు ఊరికి గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో ఇంటికొకరు పోయారు. అతనికీ పట్టుకుంది, అన్న గంగరాజానికీ పట్టుకుంది. తాగిన నీళ్లు తాగినట్టే కిందికి పోతాయని, వాటి వెంట ప్రాణమూ పోతుందని ఊరంతా నమ్మేది. తల్లి లక్ష్మవ్వ ఇద్దరికీ నీళ్లు బందు చేసింది. గంగరాజం తెల్లవారుజామున పాక్కుంటూ పోయి, బర్రెలు తాగే గోలెంలో మూతి పెట్టి తాగాడు. పొద్దెక్కేసరికి చచ్చిపోయాడు. చేతులు మంచంకోడుకు కట్టేసి ఉన్న రాజలింగం బతికాడు. తాగినోడు పోయిండు, తాగనోడు మిగిలిండు అని లక్ష్మవ్వ చచ్చేదాకా చెప్పుకుంది. ఉప్పు నీళ్ల వైద్యం పట్నపోళ్లకు పనిచేస్తుందేమో గానీ, గత్తర అంటే ఏమిటో శాంతరాజుకేం తెలుసని రాజలింగం అనుకున్నాడు.

ముదీర్‌ను అడిగి రెండు రోజులు పని మానుకున్నాడు. ఆశన్న గుడ్డలు మార్చాడు, కింద కొత్త ఇసుక పోశాడు, అట్టముక్కతో విసిరాడు. కన్నతల్లి కూడా అంత ఓపిగ్గా చేయదు. నీళ్లడిగితే మాత్రం తడిగుడ్డతో పెదాలు అద్ది ఊరుకున్నాడు. ఆశన్న ఆ గుడ్డను పళ్లతో పట్టుకుని పీల్చబోతే, దవడలు నొక్కి లాగేశాడు.

"బావా, ఒక్క బుక్క."

"ఓర్సుకో. పానం నిలవడ్డంక కడుపునిండ తాగుదువుగని."

సాయంత్రం పని నుంచి వచ్చిన భోజన్న డేరాలోకి తొంగిచూశాడు. మా అమ్మ కూడా ఇట్లనే చేసేదన్నాడు. రాత్రి కాపలాకు తనూ కూర్చున్నాడు, మర్నాడు పనికీ పోలేదు. పొద్దున రాజలింగం టాంకరు దగ్గరికి పోయి, పదిహేడు మందికి ముప్పై నాలుగు డబ్బాలు నింపి, తాళం వేసి వచ్చాడు. నీళ్లు డబ్బాల్లో పడే చప్పుడు డేరాలోకి వినపడుతూనే ఉంది. ఆశన్న మోచేతుల మీద లేవబోయాడు. భోజన్న పట్టి పడుకోబెట్టాడు.

పది గంటలకు రాజలింగం బిందెడు ఇసుక కోసం బయటికి పోయి వచ్చేసరికి భోజన్న కునుకు తీస్తున్నాడు, ఆశన్న డేరాలో లేడు. పాక్కుంటూ టాంకరు దాకా పోయి, తాళం వేసిన నల్లా కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నల్లా కొన నుంచి ఎప్పుడో ఒకసారి బొట్టు రాలేది. అతను నోరు తెరుచుకుని దానికోసం చూస్తున్నాడు. రాజలింగానికి గోలెంలో మూతి పెట్టిన అన్న గుర్తొచ్చాడు. మనిషిని భుజాన వేసుకుని తెచ్చి, చేతులు రెండూ డేరా గుంజకు కట్టేశాడు. ఆశన్న ఏడ్చాడు. కళ్లలో నీరు రాలేదు.

ఎడారిలో క్యాంపుకు దారి చూపే ముసలి బదూ అరబ్బు, పేరు ముబారక్, అప్పుడే ఒంటె తోలుతిత్తి పట్టుకుని లోపలికొచ్చాడు. మూత విప్పి రోగి మూతికి పెట్టబోతుంటే రాజలింగం తిత్తిని తోసేశాడు. నీళ్లు ఇసుకలో ఇంకిపోయాయి. ఈ ఎడారిలో నీళ్లు ఒలకబోసినవాణ్ణి ముబారక్ తన జన్మలో చూసి ఉండడు. కాండ్రించి ఉమ్మి, నేరుగా ముదీర్ దగ్గరికి పోయాడు.

ముదీర్ వచ్చి డేరా గుమ్మంలోనే ఆగాడు. లోపలి వాసనకు ముక్కు మూసుకున్నాడు. చేతులెందుకు కట్టావని అడిగితే, సోయి లేక పాకిపోతున్నాడని రాజలింగం చెప్పాడు. అది అబద్ధం కాదు.

"పానీ దియా?"

"దియా సాబ్."

ముదీర్ కుండలోకి చూశాడు. ఖాళీగా ఉంది. మంచిదని తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాటాక ఆశన్న అడగడం మానేశాడు. విరేచనాలూ ఆగిపోయాయి. రాజలింగానికి ధైర్యం వచ్చింది. చూసినవా, కడుపు కట్టిందని భోజన్నతో అన్నాడు. కట్లు విప్పి, చేతుల మీది చర్మం పట్టుకుంటే అది ముడత పడి అలాగే నిలబడిపోయింది. కళ్లు గుంటల్లోకి దిగిపోయాయి. ఎండ తిరిగే వేళకు ఎగశ్వాస మొదలైంది.

పోయే మనిషి నోట్లో నీళ్లు పోయడం ఆచారం. రాజలింగం పరుగెత్తి టాంకరు తాళం తీశాడు. చెంబు నిండా పట్టుకొచ్చి, తల ఒళ్లో పెట్టుకుని పోశాడు. ఒక్క గుటకా దిగలేదు. నీళ్లన్నీ చెంపల మీదుగా జారి అతని లుంగీ తడిపాయి.

సాయంత్రం శాంతరాజు వచ్చేసరికి శవం మీద దుప్పటి కప్పి ఉంది. ఎన్ని గ్లాసులు పట్టావని అడిగాడు.

"ఒక్క చుక్క ముట్టనియ్యలే సారూ" అన్నాడు రాజలింగం. "అయినా దక్కకపాయె."

శాంతరాజు ఇసుకలో కూలబడ్డాడు. "నీళ్లు లేకే పోయాడయ్యా వాడు. ఇంకేం లేదు" అన్నాడు. గత్తర చూడని మనిషి మాటకు విలువేముంది అనుకున్నాడు రాజలింగం. ముదీర్‌కు శాంతరాజు, రాజలింగం మీదికి రాకుండా, వడదెబ్బ అనే చెప్పాడు. శవాన్ని టార్పాలిన్‌లో చుట్టి అదే బండిలో పట్నం పంపారు. వెంట పోతానని రాజలింగం బతిమాలాడు. పొద్దున నీళ్లెవరు పోస్తారు, పో పో, ఖలాస్ అన్నాడు ముదీర్.

సాయవ్వకు ఏం చెప్పాలో రాజలింగం మనసులో కూడబలుక్కుంటూ ఉన్నాడు. కంటికి రెప్పలా చూసిన, కునుకు తియ్యలే, చుక్క నీరు ముట్టనియ్యలే. ఈ మాట వింటే ఆమె తప్పుపట్టదు. ఆమెదీ అదే ఊరు.

రెండు రోజులకు రాజలింగానికీ విరేచనాలు పట్టుకున్నాయి. శాంతరాజు గ్లాసు తెస్తే పెదాలు బిగించుకున్నాడు. శాంతరాజు క్యాంపులో పనిచేసే ఇద్దరు పఠాన్లను పిలిచాడు. ఒకడు ఛాతీ మీద కూర్చున్నాడు, ఒకడు దవడలు తెరిచాడు. మొదటి గ్లాసు సగం ముక్కులోకి పోయింది. రెండోదీ అలాగే పోశారు. రాజలింగం వాంతి చేసుకున్నాడు, ఇక చస్తానని కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. చావు రాలేదు. మళ్లీ పోశారు. పొద్దు గుంకే వేళకు నాలికకు తడి తగిలింది. కాళ్ల తిమ్మిర్లు వదిలాయి. శాంతరాజు లేచి వెళ్లబోతుంటే రాజలింగం అతని ప్యాంటు పట్టుకున్నాడు.

"ఇంకోటి పొయ్యి సారూ."

శాంతరాజు పోశాడు. అది కూడా తాగి, ఖాళీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని దాని అడుగు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత సాయవ్వ మాట ఎవరెత్తినా లేచి వెళ్లిపోయేవాడు.

జబ్బు పడ్డ నాలుగో రోజు పొద్దున లేచి, మొలతాడుకున్న తాళంచెవి విప్పి టాంకరు నల్లా తీశాడు. వరుసలో పదిహేడు మంది ఉన్నారు.