జనగామ నుంచి భూపాలపల్లి దాకా: రెండు రిపోర్టులు చదివి వచ్చిన రోజు

రెండేళ్ల కిందట హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో, ఒకే వారంలో, మా ముగ్గురికి ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది. నేను జనగామలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తాను. మిగతా ఇద్దరు నర్సింహులపేట మరియమ్మ, భూపాలపల్లి కొమురయ్యన్న. మరియమ్మ కూలికి పోయే మనిషి, బీడీ పొగ దూరం నుంచి వచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది. కొమురయ్యన్న ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు, బీడీ మానింది ఆపరేషన్‌కు వారం ముందు. ముగ్గురిదీ మొదటి దశ క్యాన్సరే. పక్కటెముకల సందులో గొట్టం, చేతిలో దాని డబ్బా పట్టుకుని ఒకే వరండాలో మళ్లీ నడక నేర్చుకున్నాం. అందరిలో చిన్న గడ్డ మరియమ్మది, పెద్దది కొమురయ్యన్నది.

పోయినేడు డాక్టరు ఒక కొత్త పరీక్ష గురించి చెప్పారు. మా ఒంట్లోంచి తీసిన ముక్కల స్లైడ్లను, పాత స్కాన్లను కంప్యూటర్‌తో మళ్లీ చూసి, జబ్బు తిరిగివచ్చే అవకాశం ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అని అంచనా వేస్తారట. ముగ్గురం సంతకాలు పెట్టాం. కొన్నాళ్లకు రిపోర్టులు పోస్టులో ఇళ్లకు వచ్చాయి. నాది ఇంగ్లీషులో ‘లో’, అంటే తక్కువ, అని ఉంటే, స్కాన్‌కు వెళ్లినప్పుడు డాక్టరు దాని అర్థం విడమరిచి చెప్పారు. మూడు నెలల కిందట ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి, “ఆ ఇద్దరూ స్కాన్‌కు రాలేదండీ, ఫోన్లు కలవడం లేదు. మీకు తెలిసినవాళ్లు కదా, ఒకసారి మాకు ఫోన్ చేయమని చెప్పగలరా?” అంది. వాళ్ల రిపోర్టుల గురించి అడిగితే, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదంది. కొమురయ్యన్నకే ఏదో అయి ఉంటుందని మనసులో అనుకున్నాను. ఆ శనివారమే బయలుదేరాను.

జనగామలో పొద్దున ఆరూ ముప్పావుకు రైలెక్కితే మహబూబాబాద్‌లో తొమ్మిది లోపు దిగాను. జనరల్ టికెట్టు అరవై రూపాయల లోపే. వరంగల్ దాకా నిలబడే వెళ్లాలి, అది దాటాక సీటు దొరుకుతుంది. స్టేషన్ బయట ఇడ్లీ తిని, బస్టాండు నుంచి నర్సింహులపేట వైపు బస్సెక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టు, పైసా అక్కర్లేదు. గంట ప్రయాణం. దారి పొడుగునా కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కిటికీ తీస్తే ముక్కు మండుతుంది. బస్సు దిగి ఆటో ఎక్కాను. మరియమ్మ పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

“క్యాన్సర్ గెలిచిన మరియమ్మనా? మొన్న చర్చిల సాక్ష్యం జెప్పింది గదక్కా. అందరికి లడ్లు పంచింది.”

ఆ మాట విని నేను నిజంగా సంతోషపడ్డాను.

మరియమ్మ ఏరుకొచ్చిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు తీస్తూ వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, చేతులు చీరకు తుడుచుకుని నా చేతులు గట్టిగా పట్టుకుంది. మాటకూ మాటకూ మధ్య దగ్గింది. నేను చూస్తున్నానని గమనించి, “మిరప ఘాటక్కా, ఏం లేదు” అంది. ఎన్నాళ్ల నుంచి అని అడిగితే దసరా నుంచంది. దసరాకు మిరప కాపు మొదలే కాదు.

స్కాన్‌కు ఎందుకు పోలేదని అడిగాను.

“ఇగ ఎందుకక్కా పోవుడు? నాకు మంచిగొచ్చింది గద!” అంటూ లోపలికి వెళ్లి, గోడకు కొట్టిన మేకు నుంచి ఒక కాగితం తీసుకొచ్చింది. ఆసుపత్రి రిపోర్టు. మహబూబాబాద్‌లో లామినేషన్ చేయించి, పైన కన్నం పెట్టి, ఎర్ర రిబ్బను కట్టింది. “మా అల్లుడు జదివిండు. హై వచ్చిందట. పిల్లలకు మార్కులు హై వస్తె మంచిదే గద. కొమురయ్యన్నకు గిట్ల వచ్చిందో లేదో పాపం.”

కాగితం మధ్యలో పెద్ద అక్షరాల్లో ‘హై’ అని ఉంది. దాని ముందు, జబ్బు తిరిగివచ్చే ప్రమాదం అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. మూడుసార్లు చదివాను. ఆ చిన్న గడ్డ, పొగ తాగని ఆ మనిషి. ఇది వేరే ఎవరికో రావాల్సిన కాగితమేమో, పేరు మారిందేమో అని కూడా చూశాను. పేరు ఆమెదే. నాలుగు నెలలుగా ఆ కాగితం ఆ గోడకే వేలాడుతోంది.

“ఏందక్కా, గట్ల జూస్తున్నవ్?”

అబద్ధం చెబుదామా అనుకున్నాను, చెప్పబుద్ధి కాలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. “మరియమ్మా, గిది మార్కుల కాగితం గాదు. ఆ జబ్బు మళ్ల వచ్చేటందుకు నీకు జర ఎక్కువ అవకాశం ఉన్నదని రాసిండ్రు. వచ్చిందని గాదు. వస్తదేమో, జల్ది జల్ది చూపించుకోవాలె అని.”

ఆమె చేతిలోని మిరపకాయ తొడిమ తుంచి, కాయను ఏ కుప్పలో వేయాలో తెలియనట్టు పట్టుకుంది. తరువాత అడిగింది.

“అంటె నేను ఫెయిలైన్నా అక్కా?”

“ఫెయిల్ గాదమ్మా. అందరికన్న ముందుగాల నిన్ను పిలుస్తున్నరు.”

“నేను లడ్లు పంచిన గదక్కా.” అప్పుడు ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ దెబ్బలకు అలవాటుపడ్డవాళ్లు ఏడ్చినట్టు, చప్పుడు లేకుండా.

నా ఫోన్ నుంచే ఆసుపత్రికి కలిపాను. మరియమ్మ ఫోన్ నెంబరు మారిందట, అదీ ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు ఆమెతోనే మాట్లాడారు. గడ్డ చిన్నదే అయినా, స్లైడ్లో దాని కణాలు పక్కనున్న సన్నటి రక్తనాళంలోకి దూరి కనిపించాయని, కంప్యూటర్ ఎక్కువ అనడానికి అదొక కారణమని, ఇది అంచనాయే కానీ దగ్గు ఉందంటే ఆగకూడదని చెప్పారు. బుధవారం రమ్మన్నారు. రిపోర్టుతో పాటు తెలుగులో ఒక ముక్క రాసి పంపాల్సింది, తప్పు మాదేనని కూడా అన్నారు. మరియమ్మ “సరే సారు” అని మాత్రం అంది. ఆమె అల్లుడు అప్పుడే వచ్చి అంతా విని, చిన్న అక్షరాలు చదవకపోతినని తల కొట్టుకున్నాడు. అతని తప్పేమీ లేదని ఆమే అతన్ని ఊరడించింది.

పన్నెండింటికి ఆటోలో తొర్రూరు చేరి, అక్కడి హోటల్లో భోజనం చెప్పి, అన్నం కలుపుతూ కూర్చున్నాను. వడ్డించే పెద్దావిడ “ఏందమ్మా, కూర మంచిగలేదా?” అని రెండుసార్లు అడిగింది. మంచిగున్నదని చెప్పి మజ్జిగ తాగి లేచాను. హనుమకొండ బస్సు మూడింటికల్లా దింపింది. అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఒకటే భయం. మరియమ్మకే అలా వస్తే, కొమురయ్యన్న కాగితంలో ఏముంటుంది?

కార్మికుల క్వార్టర్లలో కొడుకు పేరు మీదున్న ఇంట్లో ఉంటాడాయన. అయిదు దాటింది. ఆయన భార్య లచ్చవ్వ వదినె తలుపు తీసి, నన్ను చూసి గొంతు తగ్గించింది. “మంచం దిగుతలేడు చెల్లె. ఫోన్ బంద్ జేసి పడేసిండు. సైకిల్ గూడ ఎవరికో ఇచ్చిండు.”

కొమురయ్యన్న సగానికి సగం చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ ఒరిగాడు. “వచ్చినవా చెల్లె. మంచిగైంది, ఆఖరుసారి చూసినట్టుంటది.”

“ఏమైందన్నా?”

“నాది ‘లో’ వచ్చింది. మందుల దుకానం పిలగాడు జదివిండు. ఊపిరి ‘లో’ అయిపోయినంక ఇగ దవాఖాన ఎందుకు, పైసలు దండుగ.”

దిండు కింద నుంచి కాగితం తీసి ఇచ్చాడు. నాకు వచ్చిన మాటే. ‘లో’. ప్రమాదం తక్కువ. ముప్పై ఏళ్లు బొగ్గు దుమ్ము, బీడీలు, పెద్ద గడ్డ, అయినా తక్కువ. నాలుగు నెలలు ఆ మనిషి మంచి కబురు దిండు కింద పెట్టుకుని చావు కోసం ఎదురుచూశాడు.

చెబితే నమ్మలేదు. ఊరడించడానికి అంటున్నానన్నాడు. మళ్లీ ఆసుపత్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. నర్సు అదే మాట రెండుసార్లు చెప్పి, “తక్కువ అంటే అసలు రాదని కాదు తాతా, స్కాన్ మానొద్దు” అంది. ఆయన లేచి కూర్చున్నాడు. భార్య వైపు తిరిగి, “మరి నాలుగు నెలలసంది నాకు రోగిష్టోని లెక్క గటుక జావెందుకు పోసినవే?” అన్నాడు. వదినె నవ్వుతూనే ఏడ్చింది. నేనూ నవ్వాను, ఆ రోజుకు అదే మొదటిసారి.

అప్పుడాయన అడిగాడు. “మరియమ్మది మంచిగొచ్చిందా?”

బుధవారం ఆమె ఆసుపత్రికి వస్తోందని మాత్రం చెప్పాను. ఆమె సంగతి ఆమె చెప్పుకోవాలి. కానీ ఆయనకు అర్థమైంది. “ఆమెది గింతంత గడ్డ గదనే,” అన్నాడు వేలి కొస చూపించి. “నాకు రావాల్సింది గది.” కాళ్లు మంచం కిందికి దించి, “బుధవారం నేను గూడ వస్త. ఒక్కతే ఎట్ల గూసుంటది ఆడ” అన్నాడు.

ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకుని, మర్నాడు పొద్దున బస్సుకు వెనక్కి వచ్చాను. బుధవారం ముగ్గురం ఆసుపత్రిలో కలిశాం. కొమురయ్యన్న స్కాన్ శుభ్రంగా ఉంది. మరియమ్మకు ఆపరేషన్ అయిన వైపే చిన్న మచ్చ కనిపించింది, సూది పరీక్షలో అదే జబ్బని తేలింది. వేరే చోటికి పాకలేదు. చికిత్స మొదలైంది. ఇంకా చేయగలిగిన దశలోనే దొరికిందని, మరో ఆరునెలలైతే ఇలా చెప్పలేకపోయేవాడినని డాక్టరు అన్నారు. నేను ఇది రాసేనాటికి ఆమెకు కీమో మూడో విడత అయింది, జుట్టు పలచబడింది, దగ్గు తగ్గింది.

జబ్బు తిరిగివస్తుందో లేదో ముందే చెప్పే విద్య ఇంతదూరం వచ్చిందంటే నాకు ఆశ్చర్యమే. గడ్డ సైజు, బీడీలు చూసి నేను మనసులో వేసుకున్న లెక్క మొత్తం తప్పయింది, కంటికి కనిపించని రక్తనాళంలోని నాలుగు కణాలను ఆ యంత్రం పట్టుకుంది. అంత చూసిన విద్య, ఒక్క చిన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆ మాట ఒకరి చేత లడ్డూలు పంచించింది, ఇంకొకరిని మంచం పట్టించింది.

మీరు గానీ, మీవాళ్లు గానీ ఇలాంటి పరీక్ష చేయించుకుంటే ఒక్క పని చేయండి: రిపోర్టు పోస్టులో పంపమనకుండా స్వయంగా వెళ్లి తీసుకోండి, ‘ఇది నాకు మంచిదా, చెడ్డదా, మళ్లీ ఏ తేదీన రావాలి’ అని అడిగి, ఆ జవాబును డాక్టరు చేతే తెలుగులో దాని మీద రాయించుకుని ఇంటికి రండి.