మిర్చి అంటే పత్తి అనాలి

1986 తుఫాను కాలంలో నన్ను ఒంగోలు వైర్‌లెస్ కంట్రోల్ రూముకు సూపర్‌వైజరుగా వేశారు. తీరగ్రామాల్లో పెట్టిన సెట్లన్నీ ఒకే ఛానల్ మీద నాతో మాట్లాడేవి. కబురు తీసుకునే ముందు రెండు గుర్తులు చూడాలి: సెట్టుకో నంబరు, ఆపరేటరుకో మాట. మాట రోజూ మారేది. తుఫాను విరుచుకుపడిన రోజు నేను "మిర్చి" అంటే అవతలివాడు "పత్తి" అనాలి. రోజూ మాట్లాడేవాణ్ణే ఎవరు నువ్వని అడుగుతాడని ఆఫీసంతా నన్ను ఆటపట్టించేది. మొహం కనపడనిచోట మొహమాటం దేనికని నా వాదన.

మధ్యాహ్నానికి గాలి హోరెత్తింది. కొత్తపాలెం జనాన్ని తరలించడానికి ఎమ్మార్వో గారి చేతిలో మిగిలింది ఒక్క బస్సు. ఆయన నా పక్కనుండగానే సెట్టు పలికింది.

"కొత్తపాలెం నుంచి సుబ్బారావునండీ. జనమంతా బడి మేడమీదికి చేరారు. బస్సు అక్కర్లేదండీ."

మా కొత్తపాలెం ఆపరేటరు పేరూ సుబ్బారావే. గొంతూ అతనిదే అనిపించింది. ఎమ్మార్వో గారు "హమ్మయ్య" అనుకుని బస్సును వేరే ఊరికి మళ్ళించబోయారు. నేను ఆగమని సైగ చేసి, "మిర్చి" అన్నాను.

"మిర్చేంటండీ? ఇక్కడ ఇళ్ళు ఎగిరిపోతుంటే!"

ఎమ్మార్వో గారికి ఒళ్ళు మండింది. సుబ్బారావు గొంతు మీకు తెలీదా అని కసిరారు. తెలుసనే నేనూ అనుకున్నాను. అయినా సెట్టు వెనక రేకు మీద నంబరు చదవమన్నాను. చదివాడు. అది మా సెట్టు కాదు.

ఏ జిల్లా అని అడిగితే తేలింది, అతనిది గుంటూరు జిల్లా కొత్తపాలెం. మన తీరాన కొత్తగా కట్టిన ప్రతి పాలెమూ కొత్తపాలెమే. కంగారులో మీట తప్పు తిప్పి మా ఛానల్లోకి వచ్చాడు. అతని కబురు గుంటూరుకు ఫోన్లో చెప్పించి, బస్సును మా కొత్తపాలేనికే పంపించాం. అక్కడ ఏరియల్ కూలిపోయి సెట్టు మూగబోయింది. జనం పిల్లల్నెత్తుకుని రోడ్డు మీద బస్సు కోసమే ఎదురుచూస్తున్నారట.

పొద్దుగూకకముందే అందరూ ఒంగోలు చేరారు. తడిసి ముద్దయిన మా సుబ్బారావు సెట్టును తువ్వాల్లో చుట్టుకుని నా గది గుమ్మంలోకొచ్చాడు.

"మిర్చి," అన్నారు ఎమ్మార్వో గారు, నాకంటే ముందే.

"పత్తండీ."

అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

ఆ గుంటూరు సుబ్బారావు అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. పేరు నిజం, ఊరు నిజం, కబురూ నిజమే. ఎదుటివాడు అబద్ధమాడతాడని కాదు మేం గుర్తులు అడిగేది. అతను చెప్పే నిజం ఏ ఊరిదో తెలియాలి గనక.