మల్లయ్య మోకాళ్ల నొప్పి, నా కడుపుమంట

ఒక డాక్టరు మందిచ్చి రోగిని చెడగొట్టిన కథలు మీరు విని ఉంటారు. నేను మందిచ్చి, రోగిని చెడగొట్టి, ఆ చెడగొట్టడాన్నే ఘనవిజయంగా నా చేత్తో రాసి, కింద సంతకం కూడా పెట్టాను. అంత నైపుణ్యం అందరికీ రాదు. చెబుతాను, మీరు నవ్వుకోండి. అప్పట్లో నాకైతే నవ్వు రాలేదు.

అరవైల మొదట్లో మాట. చదువు పూర్తిచేసి కల్వకుర్తిలో దవాఖాన పెట్టాను. మెళ్లో కొత్త స్టెతస్కోపు, గుమ్మం మీద నాకంటే పొడుగున్న బోర్డు. లోటల్లా రోగులే. వాళ్లు బస్సు దిగి, నా బోర్డు నీడలో నిలబడి చెమట తుడుచుకుని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న డాక్టర్ సుగుణ దగ్గరికి పోయేవాళ్లు.

సుగుణమ్మ నాకంటే మూడేళ్లు పెద్ద. వాళ్ల నాయిన చర్చి బడిలో పంతులు, తాతలు పరాయి పొలాల్లో కూలి చేసినవాళ్లు. ఆ ఇంటి నుంచి వచ్చి డాక్టరైన మనిషి. ఈ మాట ఇప్పుడు గౌరవంగా రాస్తున్నాను గానీ, అప్పుడు ఆమె గుమ్మం ముందున్న చెప్పులు లెక్కపెట్టడమే నా ప్రాక్టీసు.

"జహంగీర్, ఎన్ని?" అని అడిగేవాణ్ని.

జహంగీర్ నా కాంపౌండరు. వయసులో నాకు తండ్రిలాంటివాడు. అబద్ధమాడటం చేతకాని దౌర్భాగ్యుడు.

"పదిహేడు జతలు సాబ్. ఇంకిద్దరు చెప్పులు లేకుంటనే వచ్చిన్రు."

"మన కాడ?"

"మీవి, నావి సాబ్."

అలాంటి రోజుల్లో, మా ఇద్దరికీ పాఠాలు చెప్పిన ప్రొఫెసరుగారు పట్నం నుంచి దిగారు. కీళ్ల నొప్పులకు కొత్త మాత్ర ఒకటి పరీక్షించాలట. నెంబర్లు వేసిన పొట్లాలు మా ఇద్దరికీ పంచారు. కొన్నింటిలో అసలు మందు, కొన్నింటిలో ఉత్త పిండి. ఏది ఏదో మాకూ తెలియదు, రోగికీ తెలియదు. ఆ వివరం ఆయన దగ్గరే ఉంటుంది.

"రోగికి ఉన్నదున్నట్టు చెప్పి, ఒప్పుకుంటేనే ఇవ్వండి. ఈ మాత్ర మింగేవాళ్లు ఇంకో మందు మింగకూడదు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి," అన్నారు. పోతూ పోతూ నా కొంప ముంచే మాట ఇంకొకటి అన్నారు. "బాగా పనిచేసినవాళ్ల పేర్లు నా వ్యాసంలో అచ్చవుతాయి."

ఆయన 'పేర్లు' అన్నారు. నా చెవికి 'పేరు' అని వినిపించింది.

నెల తిరిగేసరికి సుగుణమ్మ సగానికి పైగా పొట్లాలు పంచేసింది. నావి నాలుగు కదిలాయి. అందులో ఒకటి మా ఇంటి యజమాని మొహమాటానికి తీసుకున్నది. ఆమె రోగులకు ఏం మంత్రం వేస్తోందో కనుక్కు రమ్మని జహంగీరును పంపాను.

అతను వచ్చి, "'గీ గోలీల మందుండొచ్చు, ఉత్త పిండుండొచ్చు, నాకు గూడ ఎర్క లేదు. ఇష్టముంటె మింగుండ్రి, లేకుంటె ఎప్పటి మందే ఇస్త' అంటుంది సాబ్," అన్నాడు.

"గట్ల చెప్తె ఎవడు మింగుతడయ్యా?"

"అందరు మింగుతున్రు. ఆమె చెప్తె పిండి గూడ మింగుతరట."

నా కడుపు భగ్గుమంది. ఆ మంటకు ఏ పొట్లంలోనూ మందు లేదు.

మర్నాడు సోమవారం, మల్లయ్య ఆమె మెట్లు దిగుతూ కనిపించాడు. గొర్రెలు కాసే మనిషి. యాభై దాటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఆ నాలుగు మెట్లు దిగేలోపు నేనొక టీ తాగేశాను. నేరుగా రోడ్డు మీదికి పోయి, పెళ్లిపందిట్లోకి వియ్యంకుణ్ని తెచ్చినట్టు చెయ్యి పట్టుకుని తెచ్చి, కుర్చీలో కూర్చోబెట్టాను.

"డాక్టరమ్మ గోలీలిచ్చిందా?"

"ఇచ్చింది సారు. పొద్దుగాల ఒకటి, మాపటికొకటి."

"తగ్గిందా?"

"యాడ తగ్గింది సారు!"

ఆ మాట నా చెవికి సన్నాయి వాయించినట్టుంది. "అవి పక్కకు పెట్టు. ఇవి బొంబాయి గోలీలు. పదిహేను దినాలల్ల గొర్ల కంటె ముందు ఉరుకుతవు."

"డాక్టరమ్మకు చెప్పాల్నా?"

"ఆమెకెందుకు చెప్పుడు? పనిమీద ఉంటది."

జహంగీర్ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, రెండు దిక్కుల మందు..."

"నువ్వు జర నెంబరు పొట్లం అందుకో," అన్నాను.

ప్రొఫెసరుగారిచ్చిన రిజిస్టరులో 'ఇతర మందులు' అన్న చోట 'లేవు' అని రాశాను. నావి ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ రోజు మరింత గుండ్రంగా పడ్డాయి. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే ఆమె రోగుల్లో మరో ముగ్గురిని ఇలాగే రోడ్డు దాటించాను.

పదిహేను రోజులకు, మళ్లీ సోమవారం నాడే, మల్లయ్య వచ్చాడు. కర్ర అలాగే ఉంది, కుంటడం అలాగే ఉంది.

"తగ్గింది గద మల్లయ్యా?"

"ఏమో సారు."

"ఏమో ఏంది? మునుపటి కంటె నయమే గద?"

"మీరు నయమంటె నయమే సారు."

"ఉరుకుతున్నవా?"

"మొన్న తోడేలొస్తె ఉరికిన."

'పరుగెత్తుచున్నాడు' అని రాశాను. తోడేలు సంగతి రాయడానికి గడిలో చోటు లేదు.

వారం తిరక్కుండానే, ఒక మిట్టమధ్యాహ్నం ఎడ్లబండి వచ్చి ఆగింది. ఎదుటి దవాఖాన ముందే లెండి. అందులోంచి మల్లయ్యను చేతుల మీద దించారు. పక్కన భార్య ఎల్లమ్మ ఏడుస్తోంది. కాసేపటికి సుగుణమ్మ తానే రోడ్డు దాటి వచ్చింది. ఆమె నా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. చేతిలో రెండు పొట్లాలు. ఒకటి ఆమెది, ఒకటి నాది.

"డాక్టర్ సాబ్, మల్లయ్యకు రెండు దినాల సంది వాంతులు. ఇయ్యాల నెత్తురు జీర గూడ పడ్డది. ఇద్దరు డాక్టర్ల గోలీలు కలిపి మింగితె రెండింతల తాకతు వస్తదనుకున్నడట. ఆయన నా గోలీలు మింగుతున్నట్టు మీకెర్కనా?"

'తెలియదు' అనే మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది. అది ఆడితే మల్లయ్య మాట కంటే నా మాటే చెల్లుతుంది. తలుపు దగ్గర జహంగీర్ మాత్రం కిందికి చూస్తూ నిలబడ్డాడు. నా తప్పుకు తను సిగ్గుపడుతున్నాడు.

"ఎర్కే," అన్నాను.

ఆమె తిడుతుందనుకున్నాను. "అయితె రాండ్రి. ఇంకో రెండు చేతులు కావాలె," అంది.

సెలైన్ ఎక్కించాలి. నేను రెండుసార్లు పొడిచినా నరం దొరకలేదు. ఆమెకు ఒక్కసారికే దొరికింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మనిషి అలా పడి ఉంటే కూడా నాకు ముందు పుట్టింది అసూయే. ఎల్లమ్మ నా వైపు చూసి మెల్లగా అంది. "గొర్లకు గూడ మేము ఒక్కటే మందేస్తం సారు. మీరు మనిషికి రెండేసిన్రు."

ఆ దెబ్బకు అసూయ దిగిపోయింది. సాయంత్రం దాకా అతని మంచం పక్కనే కూర్చున్నాను. మూడో రోజుకు మల్లయ్య గంజి తాగాడు. ఆ గంజి నా గొంతులో దిగినంత హాయి అనిపించింది.

"ప్రొఫెసరుగారికి మీరే రాయుండ్రి. నేను రాస్తె చాడీ అయితది," అంది సుగుణమ్మ. రాశాను. 'ఒక రోగి విషయమున స్వల్ప పొరపాటు' అని రాశాను. వెంటనే ఆయన దిగారు. సుగుణమ్మ బల్ల మీద రెండు రిజిస్టర్లూ పక్కపక్కన తెరిచి, కళ్లజోడు పెట్టుకున్నారు.

"'మెట్టు ఎక్కలేకున్నాడు.' ఇది సుగుణ రాసింది, సోమవారం. 'పరుగెత్తుచున్నాడు.' ఇది నువ్వు రాసింది, అదే సోమవారం. ఏమయ్యా, ఈ మల్లయ్యలు కవలలా?"

"ఒక్కడేనండి."

"అంటే, రోడ్డు దాటగానే పరుగొచ్చింది. మళ్లీ ఇటు దాటగానే పోయింది. ఈ మహిమ మాత్రదా, రోడ్డుదా?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. మిగతా ముగ్గురి సంగతీ కక్కేశాను. నా రిజిస్టరు మొత్తం కొట్టేశారు. నా పుణ్యాన సుగుణమ్మ పుస్తకంలోనూ ఆ నలుగురినీ కొట్టేయాల్సి వచ్చింది. ఆమె స్కేలు పెట్టి గీతలు గీసింది. నాకు ఒక్కో గీతా వీపు మీద పడినట్టుంది.

అంతలో మల్లయ్య కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ప్రొఫెసరుగారు "ఎట్లుంది?" అని ఊరుకున్నారు. ప్రశ్న అలా అడిగి నోరు మూసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు మంచిగున్నది సారు. మోకాళ్ల నొప్పి సగం పోయింది."

అంత జరిగినా, నా బుద్ధి చూడండి, నోరు ఆగలేదు. "ఎవరి గోలీలకు మల్లయ్యా? డాక్టరమ్మయా, నాయా?"

మల్లయ్య ఇద్దరి వంకా మర్యాదగా చూశాడు.

"మీ ఇద్దరియి బందు జేసినంక సారు."

సుగుణమ్మ పకపకా నవ్వింది. ప్రొఫెసరుగారు ఆ మాట కూడా చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. నేను అక్కడికక్కడే, తూర్పుకు తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేశాను. ఈ కట్టె కాలేదాకా రోగి నోట్లో మాత్రే వేస్తాను, మాట వేయను.